నెత్తురు ఎందుకు కారిందో రెఫరీ అక్కడికక్కడే చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ క్రీడా పేజీలో ప్రొఫెషనల్ బాక్సింగ్ వార్తలకు ఈమధ్య కాస్త చోటు దొరుకుతోంది, సంతోషం. అయితే బౌట్ మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ వార్త దాదాపు ఒకే వాక్యంతో ముగుస్తోంది: ‘కంటిపై గాయం కావడంతో రెఫరీ పోరును నిలిపివేశాడు.’ ఆ గాయం గ్లవ్ తగిలి అయిందా, ఎదుటివాడి నెత్తి తగిలి అయిందా అన్న ముక్క మాత్రం ఉండదు. ఆ ముక్క లేకపోతే గెలిచినవాడు ఎందుకు గెలిచాడో పాఠకుడికి అర్థం కాదు. తప్పంతా విలేకరులదేనని మేం అనడం లేదు. చాలా బౌట్లలో ఆ మాటను రింగ్‌లో ఉన్నవాళ్లే పైకి చెప్పరు. ఈ ఉత్తరం రాయడం అందుకే.

ఎనిమిది రౌండ్ల బౌట్ అనుకుందాం. మూడో రౌండ్లో ఒకరి కనుబొమ్మ చీలింది. డాక్టర్ చూసి ఇక వద్దన్నాడు. గాటు పిడిగుద్దుతో పడిందని రెఫరీ తేలిస్తే, నెత్తురు కారుతున్నవాడు టెక్నికల్ నాకౌట్‌లో (కింద పడకపోయినా ఇక ఆడలేడని ఆపేయడం) ఓడినట్టు. అనుకోకుండా తలలు ఢీకొని పడిందంటే ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. రికార్డులో నో డెసిషన్ అని పడుతుంది. ఎదుటివాడు కావాలనే నెత్తితో కుమ్మాడంటే, కుమ్మినవాడు డిస్‌క్వాలిఫై అవుతాడు, నెత్తురు కారుతున్నవాడే విజేత. గాటు అదే, కుట్లు అవే, ఫలితాలు మూడు. తేడా అంతా రెఫరీ ఆ అరక్షణంలో ఏం చూశాడు, చూసింది ఎంత త్వరగా చెప్పాడు అన్నదాని మీదే ఉంది.

అమెరికాలోని రాష్ట్రాల బాక్సింగ్ కమిషన్లు కలిసి రాసుకున్న ఉమ్మడి నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. అనుకోకుండా తలలు ఢీకొని, ఆ గాయం వల్ల నాలుగు రౌండ్లు పూర్తికాకముందే బౌట్ ఆగితే నో డెసిషన్. నాలుగో రౌండ్ ముగింపు గంట మోగాక ఎప్పుడు ఆగినా జడ్జీలు పాయింట్లు వేసిన కార్డులు తీస్తారు. ఆగిపోయిన సగం రౌండ్‌కు కూడా పాయింట్లు వేసి, ముందున్నవాడికి టెక్నికల్ డెసిషన్ ఇస్తారు. రెండో రౌండ్లో తల తగిలి పడిన గాటు మీద ఆరో రౌండ్లో గుద్దులు పడి అది ఇంకా పెద్దదై బౌట్ ఆగినా లెక్క మారదు. మొదట గాటు ఎలా పడిందన్నదే ఆధారం. అందుకే రెండో రౌండ్లో చెప్పాల్సిన మాటను రెండో రౌండ్లోనే చెప్పాలి. ఆరో రౌండ్లో గుర్తుచేసుకుని చెబితే ఓడినవాడి కార్నర్ (అతని కోచ్, సహాయకులు) ఎందుకు నమ్మాలి?

కావాలని కుమ్మితే లెక్క వేరు. గాయమైనా బౌట్ సాగించగలిగితే కుమ్మినవాడికి తప్పనిసరిగా రెండు పాయింట్లు కోత. తర్వాత ఎప్పుడైనా అదే గాయంతో బౌట్ ఆగితే, దెబ్బతిన్నవాడు కార్డుల్లో ముందుంటే అతనే విజేత; సమానంగా ఉన్నా వెనకబడి ఉన్నా టెక్నికల్ డ్రా. అంటే కుమ్మినవాడికి ఆ దారిలో గెలుపు అన్నదే లేదు. ఇక ఎదుటివాణ్ని కుమ్మబోయి తన నెత్తే పగలగొట్టుకున్నవాడికి ఏ మినహాయింపూ ఉండదు. అది న్యాయమైన గుద్దు తగిలి అయిన గాయంగానే లెక్క.

మన ప్రాంతంలో ఈ గందరగోళం ఎక్కువగా ఉండటానికి ఓ కారణం ఉంది. ఇక్కడ బాక్సింగ్ అంటే జనానికి గుర్తొచ్చేది అమెచ్యూర్ బాక్సింగే. నిజామాబాద్ నుంచి వెళ్లిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. అదే ఊరి హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ బౌట్లను టీవీలో చూసినవాళ్లకు నిఖత్ తలకు హెడ్‌గార్డ్ ఉండటం, హుసాముద్దీన్‌కు లేకపోవడం గుర్తుండే ఉంటుంది. పెద్దల విభాగంలో పురుషులకు 2013 నుంచి హెడ్‌గార్డ్ తీసేశారు. 2016 రియో ఒలింపిక్స్‌లోనూ అది లేకుండానే ఆడారు. అమెచ్యూర్‌లో ఉండేవి మూడే రౌండ్లు. రెఫరీ ఇచ్చే ఒక్కో వార్నింగ్‌కు ఒక్కో పాయింటు పోతుంది, మూడో వార్నింగ్‌తో ఆటే పోతుంది. ప్రో బాక్సింగ్‌లో ఈ మెట్లు ఇలా కట్టి ఉండవు. మందలించాలా, వార్నింగ్ ఇవ్వాలా, పాయింటు కోయాలా, ఇంటికి పంపాలా అన్నది చాలావరకు రెఫరీ విచక్షణ. అమెచ్యూర్ చూసి అలవాటుపడ్డ ప్రేక్షకుడు ‘మూడు వార్నింగులు కాలేదు కదా’ అని లొల్లి చేసేది ఇక్కడే.

ఇప్పుడు అసలు తలలు ఎందుకు ఢీకొంటాయో చూద్దాం. ఇది తెలియని రెఫరీ ప్రతి హెడ్‌బట్‌నూ (తల తగలడాన్ని) ప్రమాదమే అంటాడు, తెలియని ప్రేక్షకుడు ప్రతిదాన్నీ కుట్రే అంటాడు.

కుడిచేతి వాటం బాక్సర్ ఎడమ కాలు ముందు పెట్టి నిలబడతాడు. ఎడమచేతి వాటం వాడు కుడి కాలు ముందు పెడతాడు. వీళ్లిద్దరూ ఎదురైతే ముందు కాళ్లు రెండూ ఒకే గీత మీదికి వస్తాయి. కుడిచేతి వాటం వాడు తన బలమైన కుడి చేత్తో నిటారు గుద్దు వేస్తే అతని తల ముందుకు, కొంచెం తన ఎడమకు జరుగుతుంది. ఎడమచేతి వాటం వాడు తన ఎడమ చేత్తో అదే గుద్దు వేస్తే అతని తల ముందుకు, తన కుడికి జరుగుతుంది. ఎదురెదురుగా నిలబడ్డప్పుడు ఈయన ఎడమా ఆయన కుడీ ఒకే వైపు. ఇద్దరూ ఒకే క్షణంలో గుద్దు వదిలితే చేతులు పక్కపక్కనుంచి పోతాయి, తలలు మాత్రం ఢీకొంటాయి. ఇందులో ఎవరి పాపమూ లేదు. ఇలాంటి జోడీ రింగ్‌లోకి వస్తోందంటే రెఫరీ డ్రెస్సింగ్ రూమ్‌లో సూచనలు చెప్పేటప్పుడే తలల సంగతి విడిగా చెప్పాలి. గంట మోగాక చెబితే సగం ఆలస్యమే.

రెండో రకం పొట్టివాడికీ పొడుగువాడికీ మధ్య వస్తుంది. పొట్టివాడు జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) కింద నుంచి దూరి వస్తాడు. మోకాళ్లు వంచి దిగితే తల నిలువుగా కిందికి పోతుంది, కళ్లు ఎదుటివాడి మీదే ఉంటాయి. నడుము వంచి దిగితే తల ముందుకు వస్తుంది, చూపు నేల మీదికి పోతుంది. అలా వంగినవాడు పైకి లేచినప్పుడు నడినెత్తి నేరుగా ఎదుటివాడి గడ్డానికో కనుబొమ్మకో తగులుతుంది. చూడకుండా లేచాడు కాబట్టి దాన్ని కావాలని చేశాడనలేం. అలాగని ఆరుసార్లు చూడకుండా లేచినవాణ్ని వదిలేయడమూ కుదరదు.

మూడోది క్లించ్‌లో, అంటే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నప్పుడు. చేతులు చిక్కుకుని ఉంటాయి, నుదుళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అనుభవమున్న గడుసువాళ్లు ఇక్కడ తలను ఊపి కొట్టరు, రుద్దుతారు. అప్పటికే తెరుచుకున్న గాటు మీద నుదురు ఆనించి పక్కకు లాగుతారు. గ్యాలరీలో కూర్చున్నవాడికి వాటేసుకున్నట్టు కనిపిస్తుంది. పొట్టేళ్ల పందెంలో పొట్టేలు నయం, వెనక్కి జరిగి పరుగెత్తుకొచ్చి అందరి ముందే ఢీకొడుతుంది.

అనుకోకుండా జరిగిందా, కావాలని చేశాడా అని తేల్చడానికి రెఫరీ చూడాల్సింది తలను కాదు, చేతుల్నీ కాళ్లనూ. తల తగిలిన క్షణంలో గుద్దు గాలిలో ఉందా? ఇద్దరూ ముందుకు కదులుతున్నారా? రెండింటికీ అవునంటే దాదాపు ఎప్పుడూ ప్రమాదమే. చేతులు ఖాళీగా ఉండి, లేదా ఎదుటివాడి చేతుల్ని పట్టుకుని ఉండి, పాదాలు నేలలో నాటుకుని, గడ్డం కిందికి దించి నుదురు పైకి విసిరితే అది దొంగదెబ్బే. విడిపొమ్మని రెఫరీ ‘బ్రేక్’ అన్నాక తల కదిలితే వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఈ రెండింటికీ మధ్యలో మూడో రకం ఉంది. అక్కడ ఉద్దేశం కనిపించదు, నిర్లక్ష్యం కనిపిస్తుంది. ప్రతి దాడిలోనూ తలే ముందు వస్తుంది, గుద్దు తర్వాత వస్తుంది. న్యాయం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మొదటిసారి ప్రమాదం, మందలించాక రెండోసారి అలవాటు, వార్నింగ్ ఇచ్చాక మూడోసారి జరిగితే పాయింటు కోయడానికి రెఫరీ అతని మనసులోకి తొంగి చూడాల్సిన పనిలేదు.

ఇవన్నీ కనిపించాలంటే రెఫరీ సరైన చోట నిలబడాలి. ఇద్దరు బాక్సర్లు రెండు కోణాలైతే రెఫరీ మూడో కోణంలో ఉండి, వాళ్ల ఛాతీల మధ్య సందు చూస్తుండాలి. ఇద్దరూ ఒకే వాటం వాళ్లయితే ఏ పక్క నిలబడ్డా ఒకరి ఛాతీ, ఇంకొకరి వీపు కనిపిస్తాయి కాబట్టి తిరుగుతూనే ఉండాలి. వాటాలు వేరైతే ఒక పక్క నుంచి ఇద్దరి ఛాతీలూ, రెండో పక్క నుంచి ఇద్దరి వీపులూ కనిపిస్తాయి. వీపుల వైపు చిక్కుకున్న రెఫరీకి తలలు తగిలిన చప్పుడు వినిపిస్తుందేగానీ ఏం జరిగిందో కనిపించదు. చప్పుడు విని తీర్పు చెప్పినవాళ్లు లేకపోలేదు.

తలల గొడవకు పేరుమోసిన బౌట్ అంటే అమెరికా హెవీవెయిట్ బాక్సర్లు హోలీఫీల్డ్, టైసన్‌లదే. 1996 నవంబర్ 9న జరిగిన మొదటి బౌట్‌లో తలలు ఢీకొని టైసన్‌కు గాటు పడింది. రెఫరీ మిచ్ హాల్పెర్న్ ప్రమాదమేనన్నాడు. 1997 జూన్ 28న రెండో బౌట్‌కు కూడా ఆయన్నే పెడితే టైసన్ పక్షం ఒప్పుకోలేదు. హాల్పెర్న్ తప్పుకుని మిల్స్ లేన్ వచ్చాడు. లాస్ వెగాస్ ఎంజీఎంలో (వరంగల్ వాళ్లు ఆస్పత్రి అనుకునేరు, అది హోటల్) రెండో రౌండ్లో మళ్లీ తల తగిలి టైసన్ కుడి కన్ను మీద చీలింది. లేన్ కూడా ప్రమాదమేనన్నాడు. మూడో రౌండ్లో టైసన్ హోలీఫీల్డ్ చెవి కొరికాడు. రెండు పాయింట్లు కోసి ఆట సాగించాక మళ్లీ కొరకడంతో డిస్‌క్వాలిఫై అయ్యాడు. నెవాడా రాష్ట్ర బాక్సింగ్ కమిషన్ 30 లక్షల డాలర్ల జరిమానా వేసి లైసెన్సు రద్దు చేసింది. చెవి సంగతి అందరికీ తెలుసు, కనుబొమ్మ సంగతి కొందరికే గుర్తు. టైసన్ చేసినదాన్ని ఎవరూ సమర్థించలేరు. కాని రెఫరీలు నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. హోలీఫీల్డ్ తల ముందుకు పెట్టి దూసుకొచ్చే శైలి మొదటి బౌట్ నుంచీ అందరికీ తెలిసిందే. అలాంటప్పుడు మొదటి స్పర్శకే, నెత్తురు రాకపోయినా, టైమ్ ఆపి ఇద్దరినీ పిలిచి తలల గురించి గట్టిగా చెప్పి ఉండాలన్నది మా అభిప్రాయం. రెఫరీ పట్టించుకుంటున్నాడని దెబ్బతిన్నవాడికి తెలియాలి. లేకపోతే న్యాయం తన నోటితోనో నెత్తితోనో చేసుకుంటాడు.

అదే హోలీఫీల్డ్ 2002 జూన్ 1న అట్లాంటిక్ సిటీలో హసీమ్ రెహమాన్‌తో తలపడినప్పుడు తల తగిలి రెహమాన్ నుదుటి మీద కోడిగుడ్డును మించిన బొప్పి లేచింది. ఎనిమిదో రౌండ్లో బౌట్ ఆపి కార్డులు తీశారు. హోలీఫీల్డ్‌కు స్ప్లిట్ టెక్నికల్ డెసిషన్ (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు అతని వైపు) దక్కింది. నెత్తురు వస్తేనే గాయం అనుకునేవాళ్లు ఈ బౌట్ గుర్తుంచుకోవాలి. వాపు కన్ను మూసేసినా, తల దిమ్మెక్కినా ఇదే నిబంధన వర్తిస్తుంది.

తల తగిలాక రెఫరీ చేయాల్సిన పనికి ఓ వరుస ఉంది. ముందు ‘టైమ్’ అని గడియారం ఆపించాలి. తగిలించినవాణ్ని న్యూట్రల్ కార్నర్‌కు (ఎవరిదీ కాని మూలకు) పంపాలి. తర్వాత దెబ్బతిన్నవాడి కళ్లు, నడక, గాటు చూడాలి. అవసరమైతే డాక్టర్‌ను పిలవాలి. బౌట్ సాగించగలడని తేలాకే శిక్ష సంగతి. అప్పుడు తన నుదురు తట్టి చూపిస్తూ, ప్రమాదమో కావాలని చేసిందో నోటితో చెబుతూ, ముగ్గురు జడ్జీల దగ్గరికీ కమిషన్ బల్ల దగ్గరికీ వెళ్లాలి. పాయింటు కోస్తే ఎన్ని కోశాడో వేళ్లతో చూపాలి. రెండు కార్నర్లకూ చెప్పాలి. అనౌన్సర్ మైకులో చెప్పాలి. మొత్తం అరనిమిషం పని. జడ్జీలు తమంతట తాము పాయింటు కోయకూడదు, రౌండ్‌ను చూసినట్టు 10-9 (గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9) వేయాలి. కోత బల్ల దగ్గర విడిగా పడుతుంది. గెలిచిన రౌండ్లో పాయింటు పోతే అది 9-9 అవుతుంది.

గాటు గుద్దుతో పడితే కూడా ఇదే ప్రకటన చేయాలి. ఇది చాలామంది రెఫరీలు మర్చిపోయే సంగతి. గుద్దే కదా అని ఊరుకుంటారు. రెండు రౌండ్ల తర్వాత డాక్టర్ ఆపేస్తే ఓడినవాడి కార్నర్ ‘నెత్తి తగిలింది’ అని బల్లల మీదికి ఎక్కుతుంది. అప్పుడు రెఫరీ ఏం చెప్పినా పక్షపాతంలాగే వినిపిస్తుంది.

మళ్లీ మొదలుపెట్టడం కూడా ప్రకటన లాగే స్పష్టంగా ఉండాలి. 2011 సెప్టెంబర్ 17న మేవెదర్ మీద విక్టర్ ఓర్టిజ్ నాలుగో రౌండ్లో బాహాటంగా నెత్తితో ఎగిరి కొట్టాడు. రెఫరీ జో కోర్టెజ్ వెంటనే టైమ్ ఆపి ఒక పాయింటు కోశాడు. అంతవరకు బాగుంది. మళ్లీ మొదలయ్యాక ఓర్టిజ్ క్షమాపణగా చేతులు దించి ఉండగా, కోర్టెజ్ చూపు టైమ్‌కీపర్ వైపు ఉండగా, మేవెదర్ రెండు గుద్దులతో ఆట ముగించాడు. నాకౌట్ చెల్లింది, నిబంధన ప్రకారం అది సరైనదే. కాని రెఫరీ ఇద్దరి మధ్య నిలబడి, ఇద్దరి చేతులూ పైకి లేచాయని చూసి, గట్టిగా ‘బాక్స్’ అని ఉంటే ఇన్నేళ్ల చర్చ ఉండేది కాదు.

ప్రో బాక్సింగ్ టైటిళ్లు ఇచ్చే డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) సంస్థది వేరే దారి. అనుకోకుండా తలలు ఢీకొని ఒకరికి గాటు పడితే, గాటు పడనివాడికి ఒక పాయింటు కోయాలన్నది చాలాకాలం ఆ సంస్థ నియమం. 1994 మే 7న చావెజ్, ఫ్రాంకీ రాండల్‌ల రెండో బౌట్‌లో ఈ నియమమే ఫలితం తేల్చింది. తలలు తగిలి చావెజ్‌కు గాటు పడింది, రాండల్‌కు పాయింటు పోయింది. ఎనిమిదో రౌండ్లో బౌట్ ఆగింది, చావెజ్‌కు స్ప్లిట్ టెక్నికల్ డెసిషన్ దక్కింది. ఆ పాయింటు పోకపోతే అది డ్రా. ఈ నియమం మాకు మింగుడుపడదు. ఇద్దరి తప్పూ లేనిచోట చర్మం మందంగా ఉన్నందుకు ఒకడికి శిక్ష పడటం ఏం న్యాయం? తల ముందు పెట్టి వచ్చేవాడికి భయం ఉండాలన్నది వాళ్ల వాదన. ఆ భయం వార్నింగులతో పెట్టొచ్చు.

గాటు సంగతికొద్దాం. గాటును చూసి గుద్దా, నెత్తా చెప్పగలమని కొందరు అంటారు. నమ్మవద్దు. ఎముకకూ ఎముకకూ మధ్య నలిగితే చర్మం లోతుగా చిట్లడం నిజమే, ఎదుటివాడి నుదుటి మీద కూడా ఎర్రటి కమిలిన మచ్చ ఉండే అవకాశం ఎక్కువే. కాని కనుబొమ్మ గట్టు దగ్గర గ్లవ్ గట్టిగా తగిలినా అచ్చం అలాగే చీలుతుంది, పాత గాటు మచ్చ ఉంటే చిన్న జాబ్‌కే తెరుచుకుంటుంది. కారణం చెప్పాల్సింది రెఫరీ కన్ను. డాక్టర్ చెప్పాల్సింది సాగొచ్చా, వద్దా అన్నదొక్కటే. కనుబొమ్మ చివర, బయటి పక్క పడిన గాటుతో ఆడొచ్చు. పై రెప్ప మీద, ముక్కు పక్కన కన్నీటి గొట్టం దగ్గర, కనుబొమ్మ గట్టులో నరం పోయే చోట లోతుగా పడితే ఆపాల్సిందే. కంట్లోకి నెత్తురు దిగి ఎదుటి గుద్దు కనపడకపోయినా ఆపాల్సిందే.

బాక్సర్ గాట్లు చూసుకునే కట్‌మన్‌కు ఉండేది రౌండ్ల మధ్య 60 సెకన్లు. తుడిచి, 1:1000 అడ్రినలిన్‌లో ముంచిన దూది పుల్లను గాటు లోపల పెట్టి, మధ్యలో తీసి చూడకుండా గట్టిగా నొక్కి ఉంచాలి. ఆగిందా అని పదేపదే తీసి చూసేవాడి దగ్గర నెత్తురు ఎప్పటికీ ఆగదు. నెత్తురు గడ్డకట్టించే అవిటీన్, త్రాంబిన్ మందులకు కూడా అనుమతి ఉంది. నెత్తురు ఆపడానికే వాడే మాన్సెల్స్ ద్రావణానికి మాత్రం లేదు. ఎక్కడైనా కార్నర్ బకెట్లో ఆ సీసా కనిపిస్తే కమిషన్ తీసేయాలి. చివరికి వాజలిన్ పలుచగా రాయాలి, ముద్దలుగా కాదు.

‘వీడియో చూస్తే తేలిపోతుంది కదా’ అనేవాళ్లున్నారు. 2020 నవంబర్ 14న లాస్ వెగాస్‌లో ఆండ్రూ మొలోనీ, జాషువా ఫ్రాంకోల బౌట్ చూడండి. ఫ్రాంకో కన్ను మూసుకుపోయింది. రెఫరీ రస్సెల్ మోరా అది తల తగలడం వల్లేనన్నాడు. వీడియోను 20 నిమిషాలకు పైగా తిరగేశారు. టీవీలో చూసినవాళ్లలో చాలామందికి మొలోనీ జాబ్‌లే కనిపించాయి. చివరికి రెఫరీ మాటే నిలిచి నో కంటెస్ట్ (నో డెసిషన్ లాగే ఫలితం లేనట్టు) అయింది, మొలోనీ గెలవాల్సిన బెల్టు చేజారింది. తల నిజంగా తగిలిందా లేదా అన్నది పక్క నుంచి తీసిన ఒక్క కెమెరాతో తెలియదు. రెండు తలల మధ్య రెండంగుళాల సందు తెరమీద అతుక్కుపోయినట్టే ఉంటుంది. వీడియో ఉపయోగమే, కాని ఎదురెదురు పక్కల నుంచి తీసినవి రెండైనా ఉంటేనే, అదీ ‘స్పష్టమైన తప్పు కనిపిస్తేనే మారుస్తాం’ అని ముందే రాసుకుంటేనే.

ఇక హనుమకొండలోగాని, కరీంనగర్, నిజామాబాద్, గోదావరిఖనిలోగాని ప్రో బౌట్లు పెట్టాలనుకునే నిర్వాహకులకు కొన్ని మాటలు. కొత్త బాక్సర్లకు ఇచ్చేవి సాధారణంగా నాలుగు రౌండ్ల బౌట్లు. ‘నాలుగు రౌండ్లు పూర్తయితేనే కార్డులు’ అన్న నియమాన్ని ఉన్నదున్నట్టు పెట్టుకుంటే, నాలుగు రౌండ్ల బౌట్ తల తగిలి మూడున్నర రౌండ్ల దగ్గర ఆగినా ఫలితం రాదు. అలాగే ఉంచుతారో, రెండు రౌండ్లకు దించుతారో బౌట్ ఒప్పందంలోనే రాసి ఇద్దరి కార్నర్ల సంతకాలు తీసుకోవాలి. రింగ్ మీద దీపాలు నాలుగు వైపుల నుంచీ పడాలి. ఒక పక్కనే ఫ్లడ్‌లైట్ పెడితే రెండో పక్క జడ్జీకి నీడలు తప్ప తలలు కనిపించవు. 16 అడుగుల రింగ్‌లో కంటే 20 అడుగుల రింగ్‌లో తలలు తక్కువ తగులుతాయి, చోటు ఉంటే పెద్దదే వేయండి. ఇద్దరికీ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షల కాగితాలు లేకుండా గంట కొట్టవద్దు. తలలు ఢీకొన్నాక ఒకరి నెత్తురు ఇంకొకరి గాటులోకి పోవడానికి ఎంతసేపు? తగిలించినవాణ్ని కూడా డాక్టర్ చూడాలి. అటు కనుబొమ్మ చీలితే ఇటు తల అదిరి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

రెఫరీ ఫీజును నిర్వాహకుడు బౌట్ అయ్యాక చేతికివ్వడం మానాలి. ముందే అనుమతిచ్చే సంస్థ దగ్గర జమచేయాలి. టికెట్లు అమ్ముడుపోయేది స్థానిక కుర్రాడి పేరు మీద, డబ్బిచ్చేది అతన్ని నిలబెట్టినవాడు. ఆ చేత్తో ఫీజు అందుకునే రెఫరీ ఎంత నిక్కచ్చివాడైనా, స్థానికుడి తల తగిలినప్పుడు ప్రమాదమంటే జనం నమ్మరు. ఏ బాక్సర్ జిమ్‌తోనూ సంబంధం లేనివాణ్నే రెఫరీగా పెట్టాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాం.

కోచ్‌లకు కూడా ఇందులో భాగం ఉంది. హెడ్‌గార్డ్ పెట్టుకుని ఏళ్లతరబడి స్పారింగ్ (సాధన పోరు) చేసిన పిల్లలకు తల తగిలితే నొప్పి తెలియదు. తల ముందు పెట్టి లోపలికి దూరడం అలవాటైపోతుంది. హెడ్‌గార్డ్ తీసిన రోజు ఆ అలవాటు నెత్తురు చూపిస్తుంది. ఛాతీ ఎత్తులో తాడు కట్టి, దాని కింద నుంచి మోకాళ్లు వంచి, కళ్లు పైకి ఉంచి దాటించండి. వీపు వంగితే మళ్లీ మొదటి నుంచి. చెయ్యి ముందు పోవాలి, తల దాని వెనకాల రావాలి. ఎడమచేతి వాటం వాడితో ఆడేటప్పుడు ముందు కాలు అవతలివాడి కాలికి బయట పెట్టడం, కుడి గుద్దు వేశాక తలను అక్కడే ఉంచకుండా పక్కకు తప్పుకోవడం వారానికి రెండు రోజులైనా విడిగా చేయించండి. గాటు పూర్తిగా మానేదాకా స్పారింగ్‌కు పంపొద్దు. కుట్లు తీయగానే మానినట్టు కాదు, పైచర్మం అతుక్కున్నా లోపల పచ్చిగానే ఉంటుంది.

చివరగా మీ పత్రికకు ఓ విన్నపం. బౌట్ మధ్యలో ఆగిందని రాసేటప్పుడు మీ విలేకరి రింగ్ పక్కనున్న కమిషన్ బల్ల దగ్గర మూడు సంగతులు అడిగితే చాలు: గాయం దేనివల్ల అయింది, ఏ రౌండ్లో అయింది, రెఫరీ అప్పుడే ప్రకటించాడా. అప్పుడు వార్త ఇలా ఉంటుంది: ‘రెండో రౌండ్లో అనుకోకుండా తలలు ఢీకొని ఎడమ కనుబొమ్మ చీలింది, రెఫరీ అప్పుడే ప్రకటించాడు. గాటు పెద్దదవడంతో ఆరో రౌండ్లో డాక్టర్ సూచనపై బౌట్ ఆపి, కార్డుల ప్రకారం టెక్నికల్ డెసిషన్ ఇచ్చారు.’ మూడో ప్రశ్నకు జవాబు ‘లేదు’ అని వస్తే అది కూడా రాయండి.

ఇట్లు,
బాక్సింగ్ రింగ్ విధుల్లో ఉండే కొందరు,
హనుమకొండ